బరంపురంలో మొదటి ఫ్లాట్: రెండో అంతస్తా, ఐదోదా?

ప్రశ్న: గోపాల్‌పూర్ రోడ్డు వైపు చూశాం. మా ఆయనకి పైదే కావాలి, సముద్రపు గాలట! అత్తగారికి మోకాళ్ల నొప్పులు, నా ఓటు రెండోదానికే. ఏటంటారు?

జవాబు: 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు మేం పై అంతస్తులోనే ఉన్నాం. కిటికీకి మంచం అడ్డం పెట్టి, ఇద్దరం వీపులు ఆనించి కూర్చున్నాం. తర్వాత రోజులకొద్దీ కరెంటు లేదు. లిఫ్టూ లేదు, మోటారూ లేదు. బిందెలతో ఎక్కిన మెట్లు ఇప్పటికీ గుర్తే, 78.

జవాబు: మే నెలలో రాత్రి పదింటికెళ్లి పై ఫ్లాట్లో కాసేపు కూర్చోండి. స్లాబు వేడి తెలుస్తాది. రెండోదాంట్లో దోమలుంటాయి, మెష్ కొట్టించండి.

అడిగినావిడ: అత్తగారికి చదివి వినిపించాను. "రెండోదే. వంటగది కిటికీ ఎటుందే?" అంటున్నారు.