‘ముల్కీ’ అంటే స్థానికుడేనా?

ప్రశ్న: పాత హైదరాబాదు రాజ్యపు పత్రాలలో కనిపించే ‘ముల్కీ’ అనే మాటకు ‘స్థానికుడు’ అని అర్థం చెప్పుకుంటే సరిపోతుందా?

జవాబు: చెప్పుకోవచ్చును గానీ సగమే అర్థమవుతుంది. అరబీలో ‘ముల్క్’ అంటే రాజ్యం. ఆ రాజ్యానికి చెందినవాడు ముల్కీ. అయితే ఈ మాటకు పదును పెట్టింది ‘గైర్‌ముల్కీ’ అనే ఎదుటి మాట. పందొమ్మిదవ శతాబ్దపు రెండవ సగంలో నిజాం దివాను సాలార్‌జంగ్ తన సంస్కరణల కోసం ఉత్తర హిందుస్థానం నుంచి చదువుకున్నవారిని రప్పించగా, కొలువులు చేజారుతున్నాయని కలత చెందిన ఇక్కడివారు తాము ముల్కీలమని గట్టిగా చెప్పుకోవలసి వచ్చింది. ఆ వచ్చినవారిలో ఎక్కువమంది, ఇక్కడి పాలకవర్గంలాగే, ఉర్దూ మాట్లాడే ముస్లిములే కాబట్టి, వారిని పరాయివారిని చేసినది భాషా కాదు, మతమూ కాదు.

1919 నాటి నిజాం ఫర్మానాతో (రాజాజ్ఞతో) వచ్చిన, ప్రభుత్వ కొలువులకు అర్హుడైన ముల్కీ ఎవరో చెప్పే ముల్కీ నిబంధనలు ఇంకా ఆసక్తికరమైనవి. పుట్టుకతో ముల్కీ కానివాడు 15 ఏళ్లు రాజ్యంలో స్థిరంగా నివసించడమే కాక, పూర్వ నివాసానికి తిరిగి వెళ్లే ఆలోచనను మానుకున్నానని మేజిస్ట్రేటు ధ్రువీకరించిన అఫిడవిట్ కూడా చూపాలి. ఏళ్లను లెక్కించవచ్చును, ఆలోచనను ఏ గుమాస్తా లెక్కించగలడు? ముల్కీని పెళ్లాడిన స్త్రీ మాత్రం ఆ పెళ్లితోనే ముల్కీ అయ్యేది. ఆమె ఆలోచనతో ఎవరికీ పని లేకపోయింది.

1948 తరువాత ఇదే మాట తెలుగువారి మధ్యకు వచ్చింది. హైదరాబాదులోని సిటీ కాలేజీ వద్ద కాల్పులకు దారితీసిన 1952 ఆందోళనలో ‘నాన్‌ముల్కీ గో బ్యాక్’ అన్న నినాదానికి గురి అయినవారిలో ఆంధ్ర, రాయలసీమ జిల్లాలనుంచి వచ్చిన తెలుగు ఉద్యోగులు ఉన్నారు. ‘గైర్’ పోయి ‘నాన్’ చేరింది. పరాయివాణ్ని చూపే మాటకే సగం పరాయి భాష అతికిందన్నమాట. నిబంధనలు 1973లో రద్దయ్యాయి. 1975 రాష్ట్రపతి ఉత్తర్వులో వచ్చిన ‘స్థానిక అభ్యర్థి’ నిర్వచనం మనసును అడగలేదు, ప్రధానంగా వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివాడో అడిగింది. నేటి దరఖాస్తులలోని ‘లోకల్’, ‘నాన్‌లోకల్’ దాని సంతానమే.

మరొక సభ్యుని చేర్పు: మీరు చెప్పినదానికి ముందరి కథ బహమనీల కాలంలో ఉందండి. అప్పుడు దక్కనీలకు, అంటే ఇక్కడ ముందే స్థిరపడినవారికి, ఆస్థానపు తగవులలో ఎదుటివారు ఆఫాకీలు, అంటే దిగంతాలనుంచి వచ్చినవారు. ఇరాన్, మధ్య ఆసియాల నుంచి వచ్చినవారిని అలా పిలిచేవారు. సముద్రం దాటి ఆఫ్రికానుంచి వచ్చిన హబ్షీలు మాత్రం ఆ తగవులలో దక్కనీల పక్షానే లెక్కకు వచ్చారు.