టీనేజ్‌లో ప్రాణంగా చదివిన పుస్తకాన్ని పెద్దయ్యాక మళ్ళీ తెరవాలా?

నీలిసిరా:
ట్విలైట్ సిరీస్ అంటే నాకు ఒకప్పుడు పిచ్చి. అదే, రక్తపిశాచి ఎడ్వర్డ్‌కీ బెల్లా అనే మామూలు అమ్మాయికీ నడిచే ప్రేమకథ. ఈ మధ్య మా అక్క కూతురు చదువుతానని అడిగితే బీరువాలోంచి తీశాను. ఇచ్చేముందు నేనొకసారి చూద్దామని మొదలుపెట్టి సగంలో మూసేశాను. ఎడ్వర్డ్ రాత్రిళ్ళు బెల్లాకి తెలియకుండా ఆమె గదిలోకి వచ్చి, ఆమె నిద్రపోతుంటే చూస్తూ ఉంటాడు. ఒక్కరోజు కాదు, దాదాపు రోజూ. సంగతి తెలిశాక బెల్లా కోప్పడాలనుకుంటుంది గానీ కోపం రాదు, మురిసిపోతుంది. అప్పుడు నేనూ ఆమెతోపాటే మురిసిపోయాను. ఇప్పుడు ఒళ్ళు జలదరించింది. చిన్నప్పుడు ఇష్టపడ్డవి పెద్దయ్యాక మళ్ళీ చదవాల్సిందేనని నా అభిప్రాయం. అప్పుడు మన బుర్రలోకి ఏం ఎక్కిందో ఇప్పుడైనా తెలుసుకోవాలి.

పేజీమడత:
చదవకండి. నేను ఇలాగే మంచి పుస్తకాలు పోగొట్టుకున్నాను.

వెన్నెలమెట్టు:
నీలిసిరా గారూ, అతను రక్తపిశాచి. నిద్రే లేని ప్రాణి. అలాంటివాడిని మన పక్కింటి కుర్రాడిలా చూస్తే ఎలా? ఆ పుస్తకం ఎవరి కోసం రాశారో గుర్తు చేసుకోండి. కొత్త బడిలో చేరి, తనని ఎవరూ పట్టించుకోరని అనుకునే పిల్ల కోసం. నేను అలాంటి పిల్లనే. మధ్యాహ్నం అన్నం తినడానికి నా పక్కన ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. ఆ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని తినేదాన్ని. నా దృష్టిలో ఆ సీన్ కాపలా, దొంగతనం కాదు.

నీలిసిరా:
కాపలా అయితే చెప్పి కాయాలి కదండీ. పైగా అతను 1901లో పుట్టాడు. కథ నాటికి వందేళ్ళు దాటాయి. ఆమెకి 17.

మొండిఅట్ట:
వయసు లెక్క తప్పు. 1918లో స్పానిష్ ఫ్లూతో చావబోతుంటే కార్లైల్ అనే ఇంకో రక్తపిశాచి అతన్ని తనలా మార్చాడు. అప్పటికి 17. శరీరం అక్కడే ఆగింది. నా లెక్కలో అతని వయసు ఎప్పటికీ 17.

నీలిసిరా:
శరీరం ఆగింది, అనుభవం ఆగలేదుగా? అన్నేళ్ళ లోకజ్ఞానం ఉన్నవాడికి అడిగి గదిలోకి రావాలని తెలియదా?

మొండిఅట్ట:
అన్నేళ్ళూ హైస్కూల్ పిల్లాడిలాగే బతికినవాడికి లోకజ్ఞానం ఎక్కడి నుంచి వస్తుంది? 17 అంటే 17.

చీకటిగది:
సినిమా చూసినవాళ్ళు కూడా మాట్లాడొచ్చా?

రెండోముద్రణ:
వయసు గొడవ కాసేపు పక్కన పెట్టండి. రచయిత్రి స్టెఫనీ మేయరే ఈ కథకి మళ్ళీ మళ్ళీ తిరిగొచ్చారు. బెల్లా ఎప్పుడూ ఎవరో ఒకరు కాపాడాల్సిన ఆడపిల్లేనా అన్న విమర్శకి జవాబుగా, 2015లో ఆడ మగ పాత్రలు తారుమారు చేసి మొత్తం కథ తిరగరాశారు. 2020లో ఎడ్వర్డ్ వైపు నుంచి రాసిన పుస్తకం తెచ్చారు. అందులో ఆ గదిలో నిలబడి అతను తనని తానే తిట్టుకుంటాడు. అంటే సమస్య రచయిత్రికీ తెలుసు. ఇంకో మాట. ది అవుట్‌సైడర్స్ అనే టీనేజ్ నవల రాయడం మొదలుపెట్టేనాటికి ఎస్.ఇ. హింటన్‌కి 15, అది 1967లో అచ్చయ్యేనాటికి 18. తన ఈడు పిల్లల కోసం ఒక పిల్ల రాసింది. దాన్ని నలభైల్లో తిరగేసి ఆవేశం ఎక్కువైంది అంటే, అది మనకి రాసిన ఉత్తరం కాదని మరిచిపోయినట్టే.

నీలిసిరా:
హింటన్ సంగతి ఒప్పుకుంటాను. కానీ ట్విలైట్ రాసింది చిన్నపిల్ల కాదు, ముగ్గురు పిల్లల తల్లి. తిట్టుకుంటాడు సరే, తిట్టుకుని మర్నాడు రావడం మానేశాడా?

వెన్నెలమెట్టు:
ఇంతకీ మీ అక్క కూతురికి పుస్తకం ఇచ్చారా లేదా? అది చెప్పండి ముందు.

నీలిసిరా:
ఇవ్వలేదు. కనబడలేదని చెప్పాను.

వెన్నెలమెట్టు:
అనుకున్నాను. మళ్ళీ చదవడం గురించి కాదండీ మీ ప్రశ్న. మీకు నచ్చనిది ఇంకొకరు చదవకూడదని. మా ఇంట్లో ఒక పెద్దమనిషి ఇలాగే నా పుస్తకాలన్నీ పాతకాగితాలవాడికి అమ్మేశారు, నా మంచికేనట. ఆ తర్వాత ఇంట్లో ఎవరికీ ఏం చదువుతున్నానో చెప్పలేదు. ఏం బాధపడుతున్నానో కూడా చెప్పలేదు. మీరూ అదే చేస్తున్నారు, కాస్త మర్యాదగా.

నీలిసిరా:
పోలిక బాగా పెట్టారు. అయితే నాదీ వినండి. మూడో పుస్తకం ఎక్లిప్స్‌లో బెల్లా తన స్నేహితుడి దగ్గరికి వెళ్ళకుండా ఎడ్వర్డ్ ఆమె ట్రక్కు ఇంజన్‌లోంచి ఓ భాగం తీసేస్తాడు. కాలేజీలో ఒకతను నా స్కూటీ తాళాలు దాచేసేవాడు. నేను ఎవరితో మాట్లాడానో ఫోన్ తీసి చూసేవాడు. చెప్పకుండా హాస్టల్ గేటు దగ్గర నిలబడేవాడు. స్నేహితులు భయపడుతుంటే, ఎంత ప్రేమో చూడండే అని నేనే వాళ్ళకి చెప్పేదాన్ని. నాకు ఆ మాటలు ఎక్కడి నుంచి వచ్చాయో మొన్న ఆ పుస్తకం తెరిచాకే తెలిసింది.

పేజీమడత:
నీలిసిరా గారూ, చాలా బాధగా ఉంది.

వెన్నెలమెట్టు:
మీకు జరిగింది వింటే నాకూ కష్టంగా ఉంది. నిజంగా. కానీ అది చేసింది ఆ మనిషి, పుస్తకం కాదు.

నీలిసిరా:
చేసింది అతనే. దాన్ని ప్రేమ అనుకోమని నాకు నేర్పింది ఎవరు?

వెన్నెలమెట్టు:
నేనూ అదే పుస్తకం చదివాను, నేను అలా అనుకోలేదు. మీరు దాన్ని విషం అంటుంటే, ఆ రోజుల్లో నాకున్న ఒకే ఒక్క తోడుని విషం అంటున్నట్టు ఉంది. అందుకే ఇంత గట్టిగా మాట్లాడుతున్నాను. ఆ పిల్లకి పుస్తకం ఇవ్వండి, ఇచ్చి పక్కన కూర్చోండి. తాళాల సంగతి ఇక్కడ మాకు చెప్పారు కదా, తనకీ చెప్పండి.

నీలిసిరా:
ఆ వయసులో పిన్ని చెబితే నేను వినేదాన్నా? హీరోని ఏమైనా అంటే పిన్ని మీదే కోపం వచ్చేది. ఇవ్వను. 16 దాటాక కూడా అడిగితే అప్పుడు ఇస్తాను.

మొండిఅట్ట:
17 దాటాక ఇవ్వండి, బెల్లా వయసు వస్తుంది.

రెండోముద్రణ:
నీలిసిరా గారూ, అప్పటిదాకా ఆ పిల్ల ఆగదు. ఈపాటికే ఏ స్నేహితురాలి దగ్గరో తీసుకుని ఒంటరిగా చదువుతూ ఉంటుంది.