రాజమండ్రిలో కోటిపల్లి బస్టాండు, దానవాయిపేట: మా నాన్నగారికి దారి ఎలా చెప్పాలి?

ముక్తేశ్వరం_అబ్బాయి:
అందరికీ నమస్కారం. మాది ముక్తేశ్వరం దగ్గర పల్లెటూరు. నాన్నగారికి కళ్ళు చూపించడానికి రాజమండ్రి దానవాయిపేటలో ఒక డాక్టరుగారి అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. నేను హైదరాబాద్‌లో ఉంటాను, ఆ రోజుకి సెలవు దొరకలేదు. అమ్మ మోకాళ్ళ నొప్పులతో కదల్లేదు, అంచేత ఆయన ఒక్కరే వెళ్ళాలి. చేతిలో ఉన్నది బటన్ ఫోను, దూరం నుంచి బోర్డులు ఆనవు.

ఆస్పత్రికి ఫోన్ చేసి దారి అడిగితే "కోటిపల్లి బస్టాండులో దిగి ఆటో ఎక్కండి, దానవాయిపేటలో పాత సినిమా హాలు ఎదురు సందులోంచి తిన్నగా వచ్చేయండి, ఎవరినడిగినా చెప్తారు" అని పెట్టేశారు. అదే నాన్నగారికి చెప్తే "కోటిపల్లి మన రేవు దాటగానే వస్తుంది కదరా, అక్కడ కళ్ళాస్పత్రి ఎప్పుడు పెట్టారు?" అన్నారు. మాకు కోటిపల్లి అంటే గోదారి దాటించే పంటు (రేవు పడవ) దిగే కోటిపల్లే మరి. ఆ సినిమా హాలు ఇప్పుడు ఉందో, పడగొట్టారో కూడా తెలీదు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. అక్కడ ఉండేవాళ్ళు కాస్త అర్థమయ్యేలా చెప్పండి.

ఏటిగట్టు:
మీ నాన్నగారు అడిగింది సరైన ప్రశ్నండి. కోటిపల్లి బస్టాండు, గోకవరం బస్టాండు, రెండూ రాజమండ్రి ఊళ్ళోనే ఉన్నాయి. కోటిపల్లికీ గోకవరానికీ వెళ్ళక్కర్లేదు. ఇవి కాక ఆర్టీసీ పెద్ద బస్టాండు ఒకటుంది, దాన్ని ఊరంతా కాంప్లెక్స్ అంటారు. ఇక్కడివాళ్ళు ఉత్త "బస్టాండు" అన్నప్పుడు ఈ మూడింట్లో ఏదో పేరు పెట్టి అడిగి తీరాలి. రైల్లో వచ్చేవాళ్ళకీ ఇదే గొడవ, గోదావరి స్టేషన్ వేరు, రాజమండ్రి స్టేషన్ వేరు. కొవ్వూరు నుంచి వంతెన దాటగానే వచ్చేది గోదావరి స్టేషన్, ఎక్స్‌ప్రెస్‌లు చాలావరకు అక్కడ ఆగవు.

ఇప్పుడు మీ నాన్నగారి సంగతి. మీ వైపు నుంచి రావులపాలెం దాకా వచ్చాక, అక్కణ్ణుంచి రాజమండ్రికి రెండు దారులు. ఒకటి జొన్నాడ వంతెన దాటి హైవే మీద వేమగిరి, మోరంపూడి మీదుగా. రెండోది బొబ్బర్లంక నుంచి బ్యారేజీ దాటి ధవళేశ్వరం మీదుగా. ధవళేశ్వరం నుంచి వచ్చేదైతే కోటిపల్లి బస్టాండు తగులుతుంది, హైవే మీద వచ్చేది మామూలుగా తాడితోట మీదుగా కాంప్లెక్స్‌కి వెళ్తుంది. అంచేత ఎక్కేటప్పుడే కండక్టర్ని "ఇది కోటిపల్లి బస్టాండుకి వెళ్తుందా, కాంప్లెక్స్‌కా?" అని అడగమనండి. ఎక్కడ దిగినా పర్వాలేదు, ఎలాగూ ఆటో ఎక్కాల్సిందే కాబట్టి. పంటు మీద కోటిపల్లి వెళ్ళి, ద్రాక్షారామం, రామచంద్రపురం మీదుగా కూడా రావచ్చు కానీ ఒంటరిగా వచ్చే పెద్దాయనకి అన్నిసార్లు ఎక్కి దిగడం నాకు నచ్చలేదు, పైగా వరద రోజుల్లో రేవు ఆపేస్తారు.

ఇంకో మాట. మన డెల్టాలో పెద్దవాళ్ళకి కుడి ఎడమల కంటే తూర్పు పడమరలే తొందరగా అందుతాయి. రాజమండ్రికి గోదారి పడమర. గోదారి వైపు మొహం పెట్టి నిలబడితే కుడిచెయ్యి ఎగువ, ఎడంచెయ్యి దిగువ, అంటే ధవళేశ్వరం వైపు. దానవాయిపేట గట్టుకి దూరంగా, తూర్పుకి లోపలికి ఉంటుంది. గట్టు కనపడుతోందంటే ఇంకా రాలేదన్నమాట. ఆయనకి ఇంతవరకు చెప్తే చాలు, మీరు చెప్పే పది మలుపుల కంటే ఇదే గుర్తుంటుంది.

బొండాం_రాజు:
ఇంత ఎందుకండీ, మీరే హైదరాబాద్ నుంచి యాప్‌లో ఆటో బుక్ చేసేయండి. అయిపోతుంది.

ఆటో_తాడితోట:
బుక్ చేయొచ్చండి, కాదనను. కానీ డ్రైవరు ఆయనకి ఫోన్ చేసి "ఎక్కడున్నారు?" అంటే ఆయన "బస్టాండులో" అంటారు. ఆ బస్టాండు చుట్టూ ఎన్ని గేట్లు, ఎంతమంది జనం! బుక్ చేస్తే ముందే ఒక చోటు అనుకోండి, ఎంక్వయిరీ కౌంటరు దగ్గర కూర్చోండి నాన్నగారూ, అక్కణ్ణుంచి కదలకండి అని.

నేను ఆటో నడుపుతాను కాబట్టి మాకు ఏం కావాలో చెప్తాను. ముందు పేట, తర్వాత రోడ్డు లేదా సెంటరు, ఆఖర్న ఇప్పుడు ఉన్న గుర్తు. ఇప్పుడు ఉన్నది, పోయింది కాదు. పాత హాలు పేరు చెప్తే పెద్ద డ్రైవర్లకి తెలుస్తుంది, కొత్తగా వచ్చిన కుర్రాళ్ళకి తెలీదు, తెలీదని చెప్పకుండా ఎక్కించుకుని తిప్పేవాళ్ళూ ఉన్నారు. ఇవన్నీ ఒక కాయితం మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి, ఆస్పత్రి ఫోన్ నంబరు కూడా వేసి జేబులో పెట్టండి. డ్రైవరు చేత ఆ నంబరుకి మాట్లాడించమనండి, వాళ్ళే గుమ్మం దాకా దారి చెప్తారు. షేర్ ఆటో వద్దండి, అది రోడ్డు మీద దింపి పోతుంది, సందులోకి రాదు. ఆయన ఒక్కరికే ఆటో మాట్లాడుకోమనండి, ఎక్కే ముందే డబ్బులు తేల్చుకోమనండి.

లంకల_లక్ష్మి:
మా అత్తగారిని పంపేటప్పుడు నేను ఒకటి నేర్పాను. "దానవాయిపేట ఇటేనాండీ?" అని అడగకూడదు. అలా అడిగితే సగం మంది తెలీకపోయినా మొహమాటానికి "ఆ, ఇటే" అంటారు. చెయ్యి చూపించకుండా "దానవాయిపేట ఎటండీ?" అని అడగాలి, అప్పుడు తెలిసినవాళ్ళే చెప్తారు. అడిగేది కూడా నడిచిపోయేవాళ్ళని కాదు, రోజూ ఒకేచోట కూర్చునేవాళ్ళని. మందుల షాపు, టీ కొట్టు, అన్నిటికంటే ఇస్త్రీ బండి. ఇస్త్రీ చేసేవాళ్ళకి ఆ వీధిలో ప్రతి ఇల్లూ, ప్రతి డాక్టరూ తెలుసు. "దగ్గరేనండి, ఇక్కడే" అంటే మాత్రం నమ్మి నడవొద్దు, నడిస్తే ఎంతసేపని మళ్ళీ అడగాలి.

ముక్తేశ్వరం_అబ్బాయి:
అందరికీ చాలా థ్యాంక్స్ అండి. ఆస్పత్రికి మళ్ళీ ఫోన్ చేశాను. హాలు ఎప్పుడో తీసేశారట, ఇప్పుడు అక్కడ అపార్ట్‌మెంట్ ఉందట, దాని పేరు, పక్కనున్న మందుల షాపు పేరు తీసుకున్నాను. కాయితం రాయించడానికి చెల్లికి చెప్పాను. ఒక్క అనుమానం, కళ్ళలో చుక్కలు వేస్తే కాసేపు మసకగా ఉంటుందన్నారు. తిరిగి వచ్చేటప్పుడు ఎలా?

ఏటిగట్టు:
చుక్కలు వేస్తే వెలుతురు కూడా భరించలేరు, దగ్గరివి కొన్ని గంటలు సరిగ్గా కనపడవు. మసక తగ్గేదాకా ఆస్పత్రిలోనే కూర్చోనివ్వమని ముందే అడిగి పెట్టుకోండి, నల్ల కళ్ళద్దాలు సంచీలో వేయండి. తిరుగు ప్రయాణం మాత్రం కాంప్లెక్స్ నుంచే. అమలాపురం బస్సు బయల్దేరే చోటే ఎక్కితే సీటు దొరుకుతుంది, బోర్డు చదవలేకపోయినా ప్లాట్‌ఫాం దగ్గర కండక్టర్లు ఊరి పేరు అరుస్తూనే ఉంటారు. ఏ రోజు వస్తున్నారో చెప్పండి, నాకు మధ్యాహ్నం ఖాళీ ఉంటే ఆస్పత్రి నుంచి కాంప్లెక్స్ దాకా నేనే తీసుకెళ్ళి ఎక్కిస్తాను. నంబరు ఇక్కడ పెట్టకండి, మెసేజ్ చేయండి.