విదేశం నుంచి బిడ్డను తెచ్చుకోవడానికి ఇన్నేళ్ళ ఎదురుచూపు న్యాయమేనా?

ఎడిసన్ దంపతులు (చర్చ ప్రారంభించినవారు):

మేము న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటున్న తెలుగువాళ్ళం. నేను అమెరికా పౌరుణ్ణి, నా భార్యది భారత పాస్‌పోర్టు. పిల్లలు లేరు. 2021 జూన్‌లో, నాకు 43, ఆమెకు 40 ఏళ్ళు ఉన్నప్పుడు, భారతదేశం నుంచి బిడ్డను దత్తత తీసుకోవడానికి ఇక్కడి అధీకృత సంస్థ ద్వారా కేంద్ర ప్రభుత్వ దత్తత సంస్థ అయిన కారాలో పేరు నమోదు చేయించుకున్నాము. పుట్టి పెరిగిన దేశమే బిడ్డ విషయానికి వచ్చేసరికి మాకు విదేశమైంది.

అప్పటి నిబంధనల ప్రకారం దంపతుల వయసుల మొత్తం 90 దాటకపోతే నాలుగేళ్ళ లోపు బిడ్డను కోరుకోవచ్చు. మా మొత్తం 83. 2022 సెప్టెంబరులో వచ్చిన కొత్త నిబంధనలు రెండేళ్ళ లోపు బిడ్డకు ఆ హద్దును 85 చేశాయి. సామాజిక కార్యకర్త మా ఇల్లు, స్థితిగతులు చూసి రాసే హోమ్ స్టడీ నివేదిక మూడేళ్ళకే చెల్లుతుంది కనుక 2024లో దాన్ని మళ్ళీ చేయించవలసి వచ్చింది. అప్పటికి మా మొత్తం 89 అయింది కాబట్టి ఇక పసిబిడ్డకు మేము అర్హులం కాదని సంస్థవారు చెప్పారు. ఇటు అమెరికా వలస శాఖ ఇచ్చే ఆమోదం 15 నెలలే నిలుస్తుంది. గడువు ముగిసే ప్రతిసారీ మళ్ళీ వేలిముద్రలు, మళ్ళీ ఫీజు, సామాజిక కార్యకర్త మళ్ళీ మా ఇంటికి వచ్చి అవే గదులు చూడడం. మా అమ్మ పాత నేతచీరలతో కుట్టి పంపిన బొంత అలమారలో ఉంది. అది పొత్తిళ్ళలోని బిడ్డకు కుట్టిన బొంత.

మా ప్రశ్న ఇది. అనాథ గృహాలలో పిల్లలు, ఇక్కడ ఖాళీ ఇళ్ళు ఉండగా మధ్యలో ఇన్నేళ్ళు ఎవరి మేలు కోసం?

విజయవాడ పాఠకుడు:

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఈ ఆలస్యంలో పిల్లల మేలు లేదు, ఉన్నది కాగితాల మేలు. 2023–24లో దేశమంతటా కారా ద్వారా జరిగిన దత్తతలు 4,009 మాత్రమే, అందులో విదేశాలకు వెళ్ళినవి 449. ఎదురుచూస్తున్న కుటుంబాలేమో 30 వేలకు పైమాట. ఇంత పెద్ద దేశంలో తల్లీ తండ్రీ లేని పిల్లలు ఇంత తక్కువమందే ఉన్నారంటే నమ్మడం కష్టం. ఆసుపత్రిలో బిడ్డను వద్దనుకున్న తల్లి, బిడ్డను కోరుకున్న దంపతులు, ఇద్దరినీ ఒక న్యాయమూర్తి ముందు కూర్చోబెట్టి నెల రోజుల్లో ముగించే ఏర్పాటు ఎందుకు ఉండకూడదు? మన తాతల కాలంలో అన్న బిడ్డను తమ్ముడు పెంచుకోవడానికి పోర్టల్ అవసరం పడలేదు.

దేవరకొండ విశ్రాంత కార్యకర్త:

ఎడిసన్ దంపతుల బాధను తక్కువ చేయడానికి నేను ఇది రాయడం లేదు. కాని విజయవాడ పాఠకుడుగారు కోరుతున్న నెల రోజుల ఏర్పాటును మా ప్రాంతం ఒకసారి చూసింది, కనుక ఊరుకోలేకపోతున్నాను.

1990ల చివరలో నేను నల్గొండ జిల్లా తండాలలో పనిచేసేదాన్ని. వర్షాధారపు భూములు, ఏడాదిలో సగం రోజులు వలస, ఆడపిల్ల పుడితే అప్పుడే వరకట్నం లెక్కలు. మూడో ఆడపిల్లో నాలుగో ఆడపిల్లో పుట్టిన ఇంటికి నెల తిరగకుండానే మధ్యవర్తి వచ్చేవాడు. తల్లి చేతిలో కొద్ది డబ్బు పెట్టి, ఆమె చదవలేని కాగితం మీద వేలిముద్ర వేయించుకుని, బిడ్డను హైదరాబాదులోని గృహానికి చేర్చేవాడు. అక్కడి నుంచి విదేశీ దంపతులకు ఇచ్చే సమయంలో విరాళం పేరిట తీసుకునే సొమ్ము తల్లికి దక్కినదానికి ఎన్నో రెట్లు. 1999లోను, మళ్ళీ 2001లోను ఇది బయటపడి అరెస్టులు జరిగాయి, పత్రికలు నెలల తరబడి రాశాయి. పేదరికం వల్లనో ఆడపిల్ల అనో బిడ్డను వదులుకునే పద్ధతిని అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ తరువాతే నిషేధించింది. ఆ కాగితాలన్నీ చూడడానికి సక్రమంగానే ఉండేవని మరచిపోకండి. న్యాయస్థానాల ఉత్తర్వులు కూడా ఉండేవి. అక్కడ లేనిదల్లా, ఆ తల్లిని ఒంటరిగా కూర్చోబెట్టి "అమ్మా, నీకు నిజంగా ఇష్టమేనా?" అని అడిగి, ఆమె జవాబు మార్చుకునేందుకు సమయం ఇచ్చిన మనిషి.

ఇప్పటి చట్టంలో ఆ సమయం ఉంది. బాలల సంక్షేమ కమిటీ ముందు బిడ్డను అప్పగించిన తల్లికి మనసు మార్చుకోవడానికి 60 రోజులు ఇస్తారు. ఎక్కడో దొరికిన బిడ్డ రెండేళ్ళ లోపు వయసుదైతే రెండు నెలల లోపు, అంతకు పెద్దదైతే నాలుగు నెలల లోపు కన్నవాళ్ళ కోసం వెతికి, పత్రికలో ప్రకటన ఇచ్చి, ఎవరూ రాకపోతేనే దత్తతకు యోగ్యమైన బిడ్డగా ప్రకటిస్తారు. 52వ రోజున తిరిగి వచ్చిన తల్లిని నేను చూశాను. పెళ్ళి కాని పిల్ల. ఆమె అమ్మమ్మ వెంట వచ్చి, "మా ఇంటి ఊపిరి, మేమే సాక్కుంటాం" అని బిడ్డను గుండెకు హత్తుకుని తీసుకుపోయింది. మీరు కోరిన ముప్పై రోజుల పద్ధతిలో ఆ బిడ్డ అప్పటికి విమానం ఎక్కి ఉండేది.

దగ్గరిదారి పట్టినవారికి ఏమవుతుందో ఈ మధ్యనే చూశాము. 2024 మే నెలలో రాచకొండ పోలీసులు శిశువుల అమ్మకం ముఠాను పట్టుకున్నప్పుడు, కొనుక్కున్నవారి ఇళ్ళ నుంచి పిల్లలను తీసుకుని ప్రభుత్వ శిశుగృహమైన శిశువిహార్‌కు తరలించారు. పెంచినవాళ్ళు గేటు బయట ఏడుస్తుంటే, ఆ చేతులకే అలవాటుపడిన పిల్లలు లోపల ఏడ్చారు. పెద్దల తొందరకు శిక్ష పడింది పిల్లలకు.

హైదరాబాదు న్యాయవాది:

రెండు విషయాలు చేర్చవలసి ఉంది.

ఒకటి, ఈ కట్టుబాట్లు ఏదో కార్యాలయంలో ఊరికే పుట్టినవి కావు. లక్ష్మీకాంత్ పాండే అనే న్యాయవాది 1982లో సుప్రీంకోర్టుకు రాసిన లేఖను వ్యాజ్యంగా స్వీకరించి, 1984లో జస్టిస్ పి.ఎన్. భగవతి ఇచ్చిన తీర్పు నుంచి ఇవి మొదలయ్యాయి. బిడ్డకు ముందు సొంత దేశంలోనే కుటుంబం వెతకాలి, అది కుదరనప్పుడే విదేశం అన్న సూత్రం అక్కడిదే. దేశాల మధ్య దత్తతలపై 1993లో కుదిరిన హేగ్ ఒప్పందాన్ని భారతదేశం 2003లో ఆమోదించిన తరువాత ఇది రెండు దేశాల మధ్య బాధ్యతగా కూడా మారింది. ప్రవాస భారతీయులను మాత్రం వరుసక్రమంలో ఇక్కడివారితో సమానంగానే చూస్తున్నారు. బిడ్డను పొందిన తరువాత తీసుకోవలసిన ఉత్తర్వు 2022 సెప్టెంబరు నుంచి కోర్టు బదులు జిల్లా మేజిస్ట్రేటు చేతికి వచ్చింది.

రెండు, అన్న బిడ్డను తమ్ముడు పెంచుకోవడం గురించి. హిందూ దత్తత చట్టం, 1956 కింద అది నేటికీ చెల్లుతుంది. కాని ఆ బిడ్డను దేశం దాటించాలంటే 2021 సెప్టెంబరు నాటి సవరణ ప్రకారం కారా అనుమతిపత్రం కావాలి. పైగా కన్నవాళ్ళిద్దరూ బతికి ఉంటే, వారు బిడ్డకు తగిన పోషణ ఇవ్వలేని స్థితిలో ఉన్నారని అమెరికా వలస శాఖ ముందు రుజువు చేయాలి. చక్కగా బతుకుతున్న అన్నగారి బిడ్డ విషయంలో అది అయ్యే పని కాదు. ఇక చట్టం బయట బిడ్డను ఇచ్చిపుచ్చుకోవడం నేరం, అమ్మడం కొనడం ఐదేళ్ళ వరకు జైలు పడే నేరం. దయచేసి ఎవరూ ఆ దారిలో ఆలోచించవద్దు.

విజయవాడ పాఠకుడు:

కార్యకర్తగారు చెప్పిన 52వ రోజు సంగతి చదివాక నా మొదటి మాటలో ఒక భాగాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. ఆసుపత్రి నుంచి నేరుగా ఇవ్వడం తగదు. కాని నా అసలు సందేహం అలాగే ఉంది. అరవై రోజులు, నాలుగు నెలలు అన్నవి మీరు చెప్పిన రక్షణలు. మరి ఆ నాలుగు నెలలు నాలుగేళ్ళు ఎలా అయ్యాయి? తల్లి కోసం ఆగడం వేరు, ఫైలు కోసం ఆగడం వేరు.

దేవరకొండ విశ్రాంత కార్యకర్త:

ఈ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను, అసలు కోపం చూపవలసిన చోటు కూడా ఇదే. పిల్లల గృహాలలో ఏళ్ళ తరబడి ఉంటూ, చూడడానికి ఒక్క బంధువు కూడా రాని పిల్లలు ఉన్నారు. ఎవరూ రావడం లేదని రాసి కమిటీ ముందు పెట్టే మనిషి లేక, పోలీసు నివేదిక అందక, వారి పేరు దత్తత జాబితాలోకే ఎక్కదు. నేను పనిచేసిన రోజుల్లో ఒక పిల్లవాడి నివేదిక రెండు జిల్లాల మధ్య తిరుగుతుండగానే వాడికి ఏడేళ్ళు నిండాయి. అలాంటి పిల్లలను రెండు నెలలకొకసారి వెతికి గుర్తించాలని సుప్రీంకోర్టు 2023 నవంబరులో రాష్ట్రాలను ఆదేశించింది. ఆ ఆదేశం ప్రతి జిల్లాలో ఎంత అమలైందో అడగడం మనందరి పని. అయితే ఆ జాబితా పెరిగినా అందులో చేరేది ఐదేళ్ళ, ఎనిమిదేళ్ళ పిల్లలే ఎక్కువ. వరుసలో ఉన్న కుటుంబాలలో ఎక్కువమంది కోరేది ఆరోగ్యంగా ఉన్న పసిబిడ్డను. ఆ రెండూ కలవనంత కాలం వరుస తరగదు.

డాలస్ అమ్మ:

నేను ఆ వరుస నుంచి పక్కకు జరిగినదాన్ని. మూడేళ్ళు పసిబిడ్డ కోసం చూసి, చివరకు ప్రత్యేక అవసరాలున్న పిల్లల జాబితా తెరిచాము. గ్రహణపు మొర్రి ఉన్న పాప, నాలుగేళ్ళు, ఒడిశాలోని గృహంలో ఉంది. ఆ జాబితాలోని పిల్లల కోసం క్యూ లేదు. మేము సరేనన్న రోజు నుంచి పాప మా ఇంటికి రావడానికి, రెండు దేశాల అనుమతులన్నీ కలిపి, పదకొండు నెలలు పట్టింది.

దీన్ని సలహాగా తీసుకోవద్దు. వరుస తొందరగా కదులుతుందని ఈ దారిలోకి వచ్చేవారు దయచేసి రావద్దు. మా పాపకు ఇప్పటికి రెండు శస్త్రచికిత్సలు జరిగాయి, ఇంకా ఉన్నాయి. వచ్చిన కొత్తలో రాత్రి మెలకువ వస్తే "పాణి, పాణి" అనేది. మంచినీళ్ళు అడుగుతున్నదని మాకు తెలిసేసరికి కొన్ని రోజులు పట్టింది. దాహంతో ఉన్న బిడ్డను సముదాయిస్తూ జోలపాడినందుకు నేను ఈ రోజుకీ బాధపడతాను.

మా వీధిలోనే ఉన్న అమెరికన్ దంపతులు చైనా నుంచి ఒక పాప కోసం చూశారు. ఫలానా పాప అని నిర్ణయమై, ఫొటో చేతికి వచ్చిన తరువాత 2020లో కరోనాతో అంతా ఆగింది. 2024 సెప్టెంబరులో చైనా విదేశీ దత్తతలనే ఆపివేసింది. 1992 నుంచి లక్షా అరవై వేల మందికి పైగా పిల్లలు వెళ్ళిన దారి అది. ఆ ఫొటో ఇప్పటికీ వారి ఫ్రిజ్ మీద ఉంది. ఎదురుచూపుకు చివర ఒక బిడ్డ ఉంటుందన్న నమ్మకం కూడా అందరికీ ఉండదు, ఎడిసన్ దంపతులకు ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు.

ఎడిసన్ దంపతులు:

అందరికీ నమస్కారాలు. రెండు రోజులు ఏమీ రాయలేకపోయాము. కార్యకర్తగారి సమాధానం నా భార్య రెండుసార్లు చదివి, "ఆ అరవై రోజులు మన లెక్కలో కలపకు, అవి మనవి కావు" అన్నది. ఆ మాట నాకు సరైనదనిపించింది. ఒక తల్లి ఆలోచించుకునే రోజులకు మేము ఫిర్యాదు చేయము. మా ఫిర్యాదు మిగిలిన రోజుల మీద. మధ్యలో నిబంధన మారినప్పుడు అప్పటికే వరుసలో ఉన్నవారికి పాత హద్దే వర్తింపజేయవలసింది. వరుసలో మా సంఖ్య ఎందుకు కదలలేదో రాయమని అడిగితే ఒక్క వాక్యమైనా జవాబు రావలసింది. ఈ రెండూ ఏ బిడ్డ రక్షణకూ అడ్డుపడేవి కావు.

బిడ్డ వయసు పరిధిని నాలుగు నుంచి ఎనిమిదేళ్ళకు మార్చమని ఈ ఉదయం మా సంస్థకు రాశాము. ఆ వయసుకు దంపతుల హద్దు 100 కనుక మాకు ఇంకా సమయం ఉంది. ప్రత్యేక అవసరాల జాబితా విషయం ఇంకా తేల్చుకోలేదు. మేము మోయగలమో లేదో ముందు ఒక పిల్లల వైద్యునితో కూర్చుని మాట్లాడాలి. డాలస్ అమ్మగారూ, ఒక్క సందేహం. శస్త్రచికిత్స తరువాత పాపకు మాటల శిక్షణ మీరు ఏ భాషలో మొదలుపెట్టారు?

డాలస్ అమ్మ:

ఒడియాలోనే. మా ఊళ్ళో ఒక ఒడియా కుటుంబాన్ని వెతికి పట్టుకున్నాము. ఆ ఇంటి పెద్దావిడ వారానికి రెండు సాయంత్రాలు వచ్చి పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని కథలు చెప్పేవారు, నేను పక్కన కూర్చుని ఆ మాటలు రాసుకునేదాన్ని. తెలుగు ఒక ఏడాది తరువాత దానంతట అదే వచ్చింది.