మాటలు రాని నాలుగేళ్ల బాబును ఆటపాటల్లో ఎలా కలుపుకోవాలి?

నమస్తే అండీ. నేను తెలంగాణలో అంగన్‌వాడీ టీచర్‌ని. మా సెంటర్‌కి వచ్చే నాలుగేళ్ల బాబుకి ఇంకా మాటలు రాలేదు, పిలిచినా చూడడు. పాట మొదలవగానే చెవులు మూసుకుని గుమ్మం వైపు పరుగు తీస్తాడు. ఆయమ్మ వంట దగ్గర ఉంటుంది. నేను వాడి వెనక వెళ్తే మిగతా పిల్లల్ని చూసే దిక్కుండదు.

అన్నం ప్లేటు చూపిస్తే మాత్రం వచ్చి బుద్ధిగా కూర్చుంటాడు. అందుకే ఆటకి, పాటకి, నిద్రకి కూడా ఒక్కో వస్తువు చూపిద్దామనుకుంటున్నా. ఎవరైనా ఇలా చేశారా? వస్తువులు మేలా, ఫొటోలా? పాటల టైంలో వాణ్ని వేరే మూల కూర్చోబెట్టడం నాకిష్టం లేదు. గొంతు తగ్గించి పాడితే సరిపోతుందా?

పిల్లల ఆరోగ్య పరీక్షలకు వచ్చే ప్రభుత్వ ఆర్‌బీఎస్‌కే టీం వాణ్ని చూసి, జిల్లాలోని డీఈఐసీకి (ఎదుగుదల సమస్యలున్న పిల్లల్ని చూసే ప్రభుత్వ కేంద్రం) రాసిచ్చింది. వాళ్లమ్మేమో కూలి పోతుందని వెళ్లట్లేదు. పైగా ‘వాళ్ల నాన్నకీ మాటలు లేటే’ అని అత్తగారి మాట! ఆ తల్లిని నొప్పించకుండా ఎలా ఒప్పించాలి?

కొందరు తల్లిదండ్రులు వాణ్ని స్పెషల్ స్కూల్‌కి పంపేయమంటున్నారు. దివ్యాంగ చిన్నారుల కోసం 2023లో కేంద్రం ఇచ్చిన అంగన్‌వాడీ ప్రోటోకాల్ మాత్రం ముందే గుర్తించమని, సెంటర్‌లో అందరితో కలుపుకోమని, అవసరమైతే వైద్యానికి పంపమని చెబుతోంది. కాగితం మీద బాగానే ఉంది, చేతులే చాలట్లేదు.

స్పీచ్ థెరపిస్టులు, ఇలాంటి పిల్లల అమ్మానాన్నలు, తోటి టీచర్లు చెప్పండి. ఖర్చు లేనివైతే రేపే మొదలుపెడతాను.