వాకౌట్‌కి సస్పెన్షన్: అడగని కాలేజీలకు చెప్పాలా?

మా అమ్మాయి అమెరికాలో 12వ తరగతి. పోయిన మార్చిలో తుపాకుల హింసకు వ్యతిరేకంగా స్కూల్లో వాకౌట్ నడిపింది. గొడవేమీ లేదు, అయినా అనుమతి లేకుండా క్లాసు వదిలారని ఒకరోజు సస్పెండ్ చేశారు. కాలేజీలకు ఎర్లీ (ముందస్తు) అప్లికేషన్ల గడువు నవంబర్ 1.

స్కూల్లో ఎప్పుడైనా శిక్ష పడిందా అనే క్రమశిక్షణ ప్రశ్నను కామన్ యాప్ (చాలా కాలేజీలకు కలిపి వాడే ఉమ్మడి అప్లికేషన్) 2021లోనే తీసేసింది. ఒక కాలేజీ మాత్రం తన సొంత ప్రశ్నల్లో అడుగుతోంది, అక్కడ ఉన్నదున్నట్టు రాస్తాం. టెన్షన్ మిగతావాటితోనే. అప్లికేషన్‌లోని యాక్టివిటీస్ భాగంలో ఈ నిరసన గురించి రాసింది. 150 అక్షరాల్లో సస్పెన్షన్ సంగతి ఇమడదు. నాయకత్వం చెప్పి శిక్ష దాచినట్టు ఉంటుందేమోనని నా భయం.

స్కూల్ కౌన్సిలర్‌ని అడిగితే "మీ ఇష్టం" అన్నారు. అడగని కాలేజీకి ఆవిడ చెప్పరట. కాలేజీలకు మెయిల్ పెడితే "అప్లికేషన్ మొత్తం చూస్తాం" అన్న ముక్తసరి జవాబే. ఫ్లోరిడాలోని పార్క్‌లాండ్ స్కూల్లో కాల్పుల తర్వాత 2018లో, శాంతియుత నిరసనకు శిక్ష పడినా అడ్మిషన్‌కి అడ్డు కాదని ఎంఐటీ, యేల్ లాంటివి ప్రకటించాయి. అది అప్పటి మాట, ఇప్పుడు క్యాంపస్‌ల వాతావరణం వేరు.

ఇలాంటి అప్లికేషన్లు చదివినవాళ్లు, పంపినవాళ్లు చెప్పండి: అడగని కాలేజీలకు కూడా అప్లికేషన్‌లోని అడిషనల్ ఇన్ఫర్మేషన్ భాగంలో ఈ సస్పెన్షన్ గురించి రెండు ముక్కలు రాయడం మంచిదా, వదిలేయడం మంచిదా?