పదిలో 527 వచ్చిన పాప ఒకేషనల్ ఎంఎల్టీ అంటోంది, చేర్పించొచ్చా?

వైండింగ్ షాప్ తెనాలి:
అందరికీ నమస్తే అండి. మా పాప ఈ ఏడు టెన్త్ పాసయ్యింది, 600కి 527. రిజల్ట్ వచ్చిన రోజు నుంచి కార్పొరేట్ కాలేజీల పీఆర్వోలు ఒకటే ఫోన్లు, ఇద్దరైతే ఇంటికే వచ్చేశారు, నెంబరు ఎవరిచ్చారో ఆ దేవుడికే తెలియాలి. మేం బైపీసీ అనుకున్నాం. ఇదేమో గవర్నమెంట్ జూనియర్ కాలేజీలో ఒకేషనల్ ఎంఎల్టీ, అదే మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు, తీసుకుంటా, ల్యాబ్ టెక్నీషియన్ అవుతా అంటోంది. పోయినేడు వాళ్ళ నానమ్మకి డెంగీ వచ్చి ఆరు రోజులు ఆస్పత్రిలో ఉన్నాం, రోజూ పొద్దున్నే ఒకమ్మాయి వచ్చి రక్తం తీసుకెళ్ళేది, ఈ పిల్ల ఆ అమ్మాయి వెనకాలే ల్యాబ్ దాకా పోయి అద్దంలోంచి చూసొచ్చేది. అప్పట్నుంచి ఇదే పాట.

మా బావమరిదేమో ఒకేషనల్ అంటే మార్కులు రానోళ్ళు తీసుకునేది, ఇంత మంచి మార్కులొచ్చిన పిల్లని అందులో పడేస్తావా బావా అని రోజూ క్లాసు పీకుతున్నాడు. నేను ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేసి మోటార్ వైండింగ్ షాపు పెట్టుకుని దాని మీదే ఇల్లు కట్టినోణ్ణి, చేతిపని చదువుని తక్కువ చేసి మాట్లాడితే నన్ను నేనే తిట్టుకున్నట్టు, అయినా కూతురి విషయానికొచ్చేసరికి నాకూ మనసొప్పట్లేదు, అబద్ధం ఎందుకు. నా డౌటు ఒక్కటే. రెండేళ్ళయ్యాక డిగ్రీ చదువుతానంటే దారి ఉంటుందా ఉండదా? తెలిసినవాళ్ళు చెప్పండి.

గుంటూరు ల్యాబక్క:
అన్నా నేను చేసింది ఆ కోర్సే, 2012లో పాసయ్యా, ఇప్పుడు ఒక డయాగ్నొస్టిక్ సెంటర్లో సీనియర్ని. ఇంగ్లీషు ఉంటుంది, జనరల్ ఫౌండేషన్ కోర్సు అని ఒకటి ఉంటుంది, మిగతావన్నీ కోర్సు పేపర్లే, మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ లాంటివి, వాటికి ప్రాక్టికల్స్. దీంతోపాటు ఓజేటీ, అంటే ఆన్ ద జాబ్ ట్రైనింగ్, ఆస్పత్రికి పంపిస్తారు. అసలు కోర్సు అంతా అందులోనే ఉంది.

మా కాలేజీలో ల్యాబ్ ఉందన్న మాటే గానీ మైక్రోస్కోపులు మూడు, పనిచేసేది ఒకటి, ముప్పై మందిమి లైన్లో నిలబడి తలా అర నిమిషం చూసి వచ్చేవాళ్ళం. నేను పని నేర్చుకుంది ఆస్పత్రిలోనే. మొదటి వారం నాకు సూది ఇవ్వలేదు, ట్యూబులు మాత్రమే ఇచ్చారు. పర్పుల్ మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా మందు ఉంటుంది, రక్తం పడగానే దాన్ని ఏడెనిమిది సార్లు మెల్లగా తలకిందులు చెయ్యాలి, గట్టిగా ఊపితే కణాలు పగిలిపోతాయి, అసలు తిప్పకపోతే లోపల చిన్న గడ్డలు కడతాయి. నేనొకసారి ట్రేలో పెట్టేసి కబుర్లలో పడ్డా. ప్లేట్‌లెట్లు 40 వేలని వచ్చింది, అది డెంగీ సీజను, పేషెంటు వాళ్ళావిడ ఏడుపు మొదలెట్టేసింది. మా మేడమ్ ట్యూబులో పుల్ల పెట్టి తిప్పి గడ్డ పైకి తీసి నా మొహం ముందు పెట్టింది. మళ్ళీ శాంపిల్ తీస్తే లక్షా అరవై వేలు. ఆ పుల్ల ఇప్పటికీ కళ్ళముందే ఉంటుంది అన్నా.

కాబట్టి కాలేజీకి వెళ్ళి పాస్ పర్సెంటేజీ అడక్కండి, ఓజేటీకి ఏ ఆస్పత్రికి పంపుతారు, నిజంగా పంపుతారా, సంతకాలు పెట్టించి పంపేస్తారా అది అడగండి. రెండేళ్ళయ్యాక గవర్నమెంట్ ఆస్పత్రిలో ఏడాది అప్రెంటిస్‌షిప్ చెయ్యాలి, ఆ తర్వాత పారామెడికల్ బోర్డులో రిజిస్ట్రేషన్. గవర్నమెంటు ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులు పడ్డప్పుడు ఇవి రెండూ అడుగుతారు, ఉత్త ఇంటర్ సర్టిఫికెట్ చూపిస్తే పక్కన పెట్టేస్తారు.

ఇక మీ డౌటు. దారి ఉంది, దాని పేరు బ్రిడ్జ్ కోర్సు. ఒకేషనల్ వాళ్ళు మామూలు సబ్జెక్టుల్లో అదనంగా పరీక్షలు రాసి పాసవ్వాలి, మన పాపకైతే బయాలజీ, ఫిజికల్ సైన్స్ వైపువి. నేను రాయలేదు, ఎవరూ చెప్పలేదు, చెప్పినా అప్పట్లో ఎక్స్‌ట్రా పరీక్ష ఎవడు రాస్తాడని వదిలేసేదాన్నేమో. నా జూనియర్ రాసింది, బీఎస్సీ ఎంఎల్టీ చేసింది, ఇప్పుడు నా రిపోర్టుల మీద సంతకం పెట్టేది ఆ అమ్మాయే.

బయాలజీ మాస్టారు:
ల్యాబక్క చెప్పిందంతా నిజమే అయినా నేను బైపీసీకే ఓటేస్తా. ఈ రంగంలో రూల్స్ మారుతున్నాయి. 2021లో కేంద్రం అలైడ్ హెల్త్‌కేర్ వృత్తులకి జాతీయ కమిషన్ చట్టం తెచ్చింది. అందులో అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్ అనాలంటే రెండు నుంచి నాలుగేళ్ళలో కనీసం 2000 గంటల చదువుండాలి, హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ అంటే డిగ్రీ, 3600 గంటలు. రేపు మీ పాప ఉద్యోగం వెతుక్కునే టైముకి ఇంటర్ ఒకేషనల్ ఎంతవరకు నిలబడుతుందో ఆలోచించండి. 527 వచ్చిన పిల్ల బైపీసీ చదివి నేరుగా బీఎస్సీ ఎంఎల్టీకి వెళ్ళొచ్చు, ఈ బ్రిడ్జీలు దాటే పనే లేదు. పదిహేనేళ్ళ పిల్ల అద్దంలోంచి చూసి ఇష్టపడ్డదాన్ని రెండేళ్ళు ఆపితే పోయేదేం లేదు. ఇంకోటి, రేపెప్పుడైనా నీట్ రాయాలనిపించే ఛాన్స్ కొంచెం ఉన్నా ఒకేషనల్ జోలికి పోకండి.

లెక్కలంటే భయం:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మావాడిదీ పదే అయింది, 600కి 341, లెక్కలు రావు కానీ సైకిల్ నుంచి మిక్సీ దాకా విప్పి మళ్ళీ బిగిస్తాడు. వాడికేదైనా చెప్తారా.

బయాలజీ మాస్టారు:
పాలిసెట్ రాయించండి, మూడేళ్ళ డిప్లొమా, తర్వాత ఈసెట్ రాస్తే బీటెక్ సెకండియర్లో చేరొచ్చు. కాకపోతే పాలిటెక్నిక్ మొదటి ఏడు మళ్ళీ లెక్కలే, భయపడి మధ్యలో మానేసేవాళ్ళు చాలామంది. మెషీన్ల మీద నిజంగా ఇష్టముంటే హైదరాబాద్ బాలానగర్‌లో సీఐటీడీ (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్) ఉంది, కేంద్ర ప్రభుత్వానిది, టూల్ అండ్ డై మేకింగ్ డిప్లొమా, అంటే ఫ్యాక్టరీలకి కావాల్సిన అచ్చులు, పనిముట్లు తయారుచెయ్యడం, టెన్త్ తర్వాత నాలుగేళ్ళు. అక్కడా లెక్కలు తప్పవు గానీ చేతిలో పని పెట్టి నేర్పిస్తారు.

గుంటూరు ల్యాబక్క:
మాస్టారూ రూల్స్ సంగతి మీరన్నది కరెక్టే, అందుకే బ్రిడ్జ్ కోర్సు తప్పనిసరి అంటున్నా. కానీ బైపీసీ అంటే ఇక్కడ ఏం జరుగుతోందో మీకూ తెలుసు కదండీ, పొద్దున్న ఆరింటికి స్టడీ అవర్, రాత్రి పదింటికి స్టడీ అవర్, ఏ కోర్సుకి వెళ్ళాలనుకున్నా సరే నీట్ మెటీరియలే రుద్దుతారు. రెండేళ్ళయ్యాక సీటు రాక లాంగ్ టర్మ్ కోచింగ్ అంటారు. మా సెంటర్‌కి ట్రైనింగ్‌కి వచ్చేవాళ్ళలో ఒకటికి రెండు సార్లు లాంగ్ టర్మ్ చేసి విసిగిపోయి వచ్చినవాళ్ళే ఎక్కువ. బైపీసీయే అయితే గవర్నమెంట్ కాలేజీలోనే చదివించండి అన్నా, అదొక్కటి.

వైండింగ్ షాప్ తెనాలి:
అందరికీ థాంక్స్ అండి, నిన్న షాపు మధ్యాహ్నానికే మూసేసి పాపని తీసుకుని కాలేజీకి వెళ్ళొచ్చా. ఓజేటీ ఎక్కడ సార్ అని అడిగితే లెక్చరర్ గారు ఒక నోటుబుక్కు తీశారు, పోయినేడు పిల్లలు ఏ రోజు ఏ వార్డులో ఉన్నారో చేత్తో రాసి ఉంది, ఆస్పత్రి స్టాంపులతో సహా. నాకదొక్కటి నచ్చింది, మా జాబ్ కార్డు రిజిస్టర్ లాగే ఉంది. బ్రిడ్జ్ కోర్సు సంగతి అడిగితే పరీక్ష ఫీజు కట్టేటప్పుడు దానికీ కట్టాలి, క్లాసులు సాయంత్రం పెడతాం, వచ్చేవాళ్ళు నలుగురైదుగురే అన్నారు. పాప నేను వస్తాను సార్ అంది నాకంటే ముందే.

మాస్టారూ మీ మాట తీసెయ్యలేదు, ఇంటికొచ్చి ఆ 2000 గంటల సంగతి దానికీ చెప్పా. కోర్సు గంటలు ఓజేటీతో కలిపి ఎన్నవుతాయో లెక్కేస్తా అని క్యాలెండర్ ముందేసుకుని కూర్చుంది. అప్లికేషన్ సోమవారం ఇస్తున్నాం. బావమరిదికి ఇంకా చెప్పలేదు.

ల్యాబక్కా, మొదటేడు బ్రిడ్జ్ పేపర్లకి ఏ పుస్తకాలు కొనాలో మీ జూనియర్‌ని అడిగి పెడతారా? మళ్ళీ ఏదో పీఆర్వో ఫోన్, ఉంటానండి.